‘ఏయా’ అంటే ఆమె

అనంతగిరి, కోదాడ దగ్గర.
విరోధి సంవత్సరం, కార్తీక బహుళం, ఆదివారం.
1949 నవంబరు 13.

చిరంజీవి రేణుకమ్మకు,

మీ నాయిన గట్టయ్య, నీ తల మీద రెండు చేతులూ పెట్టినట్టే తలచుకొని, దీవించి రాస్తున్న జాబు. ఇక్కడ నేనూ మీ అమ్మా ప్రాణాలతో ఉన్నాం. పశువులు పొద్దున మేతకు పోయి సందె వేళకు ఇల్లు చేరుతున్నాయి. అక్కడ నీకు ఒంట్లో నెమ్మదిగా ఉందనీ, విషజ్వరం మళ్ళీ తిరగబెట్టలేదనీ, జుట్టు భుజాల దాకా పెరిగిందనీ నీ జాబు వల్ల తెలుసుకున్నాం. జుట్టు సంగతి ఉన్న వరుసను మీ అమ్మ నాతో నాలుగుసార్లు చదివించుకుంది.

బిడ్డా, నేను వీధిబడిలో మూడేండ్లు ఇసుకలో దిద్దినవాణ్ణి. అర్ధ సున్నలూ వత్తులూ నాకు ఎప్పుడూ పరేషానే. తప్పులుంటే నీ మనసులో దిద్దుకొని చదువుకో. ఈ జాబు మొదలుపెట్టి రెండు రోజులైంది. రెండు మాటలు రాస్తాను, కళ్ళు మసకబారుతాయి, కలం పక్కన పెట్టి కొట్టంలోకి పోయి ఆవుల గంగడోలు నిమిరి వస్తాను. సంతోషం ఎక్కువైతే మనిషికి చేతులు ఆడవని అరవై దాటాక తెలిసింది. నీ జాబు వచ్చిన సాయంత్రం పాలు పితకడానికి కూర్చుని, చెంబు పెట్టడం మరిచిపోయి, నేల మీదికే పితికాను. మీ అమ్మ తీరూ అంతే. తాను పొయ్యి మీద ఉత్త కుండ పెట్టుకొని కూర్చుంది.

జాబు ఎలా చేరిందో రాస్తాను. మంగళవారం పొద్దున పక్క తండా మంగ్లీ మన కొట్టం దగ్గరికి వచ్చింది. ఆమె కోడలికి కాన్పు కష్టమైతే మిర్యాలగూడలో సిస్టర్ల దవాఖానకు తీసుకుపోయారని విన్నాం. వచ్చీ రాగానే మీ అమ్మతో, “మణెమ్మా, పేడ చేతులు కడుక్కో. నీకొకటి ఇయ్యాలె” అన్నది.

మీ అమ్మ, “ఏందే, మనుమడు పుట్టిండని బెల్లం తెచ్చినవా?” అన్నది.

“బెల్లం గాదు. నీ బిడ్డను తెచ్చిన” అని మంగ్లీ కొంగు ముడి విప్పింది.

మీ అమ్మకు కోపం వచ్చింది. “నా బిడ్డ పేరు తీసి ఎకసెక్కాలాడకు మంగ్లీ. నీ నోటికి పురుగులు పడ్తయ్” అన్నది.

“పడనీ. నా కోడలు మంచం కాడ నిలవడి సీసా మీది రాత సదివి మందు పోసింది ఎవరనుకున్నవ్? నన్ను సూసి, ‘అత్తా, మా అమ్మ ఉన్నదా?’ అనడిగింది. ఉన్నది, రోజూ ఏడుస్తున్నది అని చెప్పిన. నేను చెప్పింది తప్పా?” అన్నది మంగ్లీ.

మీ అమ్మ అక్కడే పేడలో కూర్చుంది. పోయిన ఏటి వైశాఖంలో, ఊరి మీద రజాకార్లు పడుతున్నారని కబురు రాగానే మందను పాలేరు ఏరు దాటిస్తూ, కొట్టంలో కట్టేసి ఉన్న లేగల్ని విప్పి రమ్మని నిన్ను వెనక్కి పంపింది నేను. లేగలు వచ్చాయి, నువ్వు రాలేదు. ఆనాటి నుంచి మీ అమ్మ లేగ దూడ మెడ మీద చెయ్యి వెయ్యలేదు. మొన్న మంగళవారం వేసింది.

నీ జాబు నేనే చదివాను. “నాయినా, నేను రేణుకను” అని మొదటి వరుస. అది దాటడానికి నాకు చాలాసేపు పట్టింది. మంగ్లీ విసుక్కుంది కూడా: “నీకు సదువు రాదని చెప్పరాదా, ఇంకొకరితో సదివిస్త.”

జాబు చదివి, నీ కథ కాగితాలు మాత్రం దాచి ఉంచాను. మందలు ఇల్లు చేరాక, కొట్టం ముందర కూర్చుని నిమ్మళంగా చదివాను. మీ అమ్మ, మంగ్లీ, కబురు విని వచ్చిన మీ పెద్దనాయిన దుర్గయ్య విన్నారు. కులపెద్ద కదా, ఆయనకు మంచం వేశాం. నువ్వు రాసిన సంగతులన్నీ ముందు వాళ్ళకు విడమరిచి చెప్పాను. దవాఖాన సీసాల మీద ఉండేది ఇంగ్లీషు కాదు, లాటిన్ అనే పాత భాష. నీళ్ళను అందులో ‘ఆక్వా’ అంటారు. ఇటలీ దేశపు ముసలి సిస్టరమ్మ సీసాల పేర్లతో మొదలుపెట్టి నీకు ఆ భాషే నేర్పిస్తున్నది. ‘అతడు, ఆమె, అది’ అనే మాటలు పట్టుబడటానికి ఒక పాత కథ ఇచ్చి తెలుగులోకి మార్చమన్నది — ఇదంతా చెబుతుంటే మీ అమ్మ నా నోటి వంకే చూసింది. నా బిడ్డకు మందు సీసాల భాష వచ్చు! ఊళ్ళో పట్వారికి కూడా రాదు. ఈ మాట నేను పైకే అన్నాను. రేణుకా, గర్వం అనుకుంటే అనుకో. నాకు గర్వంగానే ఉంది.

ఇక కథ. మన పాలేరు లాంటి ఒక ఏటికి దేవుడు ఉన్నాడు. ఆయనకు ఒక్క బిడ్డ. ఆకాశంలో ఉండే పెద్ద దేవుడి కన్ను ఆ పిల్ల మీద పడింది. తన పెండ్లానికి దొరికిపోతానేమోనని భయపడి, ఆ పెద్ద దేవుడు పిల్లను తెల్లావును చేశాడు. తప్పు చేసింది ఆయన, రూపం పోగొట్టుకున్నది ఆ పిల్ల. ఇక్కడ మంగ్లీ పుసుక్కున ఉమ్మి, “దేవుండ్లు గూడ గిట్లనేనా?” అన్నది. పెద్ద దేవుడి పెండ్లాం ఆ ఆవును అడిగి తీసుకొని, ఒంటినిండా కళ్ళున్న కావలివాణ్ణి పెట్టింది. తండ్రి తన బిడ్డ కోసం ఏరు వదిలి దేశాలు తిరిగి, దొరకక, మళ్ళీ ఏట్లోకే వచ్చి ఏడుస్తున్నాడు. ఒకనాడు ఆ ఆవు మేస్తూ మేస్తూ ఆ ఒడ్డుకే వచ్చింది.

అక్కడ నువ్వు రాసిన మాటలు ఉన్నవి ఉన్నట్టు చదివాను: “ఆమె ఒడ్డుకు వచ్చింది. ఆమె నీళ్ళలో తన మొఖం చూసుకొని బెదిరింది. ఆయన గడ్డి కోసి ఆమెకు అందించాడు. ఆమె ఆయన చేతిని నాకింది.”

మీ పెద్దనాయిన నన్ను ఆపాడు. “ఆగు ఆగు. ఆమె నాకుడేందిరా? ఆవైంది గద?”

“ఆవే అన్నా” అన్నాను.

“ఆవైనంక ఆమె ఏంది? అది అనాలె. అది ఒడ్డుకొచ్చింది, అది చెయ్యి నాకింది. పిల్ల తెలుగు మర్చిపోయినట్టుంది.”

మీ అమ్మ ముసుగు సవరించుకొని, “తండ్రి కాడికొచ్చిన బిడ్డ గద బావా. ఆవైతే ఏంది?” అన్నది. మీ పెద్దనాయిన ముందర మీ అమ్మ నోరు విప్పడం ఈ నలభై ఏండ్లలో నాకు గుర్తు లేదు.

అప్పుడు నీ జాబులో ఆ సంగతి రాసిన చోటు వెతికి మళ్ళీ చదివాను. నువ్వు మొదట మన ఇంట్లో మాట్లాడుకున్నట్టే రాశావు: అది ఏటికి పోయింది, అది ఒడ్డుకొచ్చింది, దానికి గడ్డి పెట్టిండు. సిస్టరమ్మ అద్దాలు తీసి తుడుచుకొని, “అమ్మాయీ, ఈ పిల్ల ఎక్కడ ఆవు అయ్యింది? నాకు కనిపించలేదు” అన్నది. నువ్వు కాగితం అంతా వెతికావు, నీకూ కనిపించలేదు. పిల్లా ‘అది’నే, ఆవూ ‘అది’నే. మన మాటలో ఆడపిల్ల ఆవు కావడానికి ఏ దేవుడూ అక్కరలేదు, అప్పటికే ఒకటే మాట అని నువ్వు రాసిన వరుసను రెండుసార్లు చదివాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు బిడ్డా.

లాటిన్‌లో మూడు వేరు వేరుగా ఉన్నాయి. ఇస్ అంటే అతడు. ఏయా అంటే ఆమె. ఇద్ అంటే అది. ఆడపిల్లను ఇద్ అనడానికి ఆ భాషలో వీలు లేదు. ఆవు అన్న మాట కూడా వాళ్ళకు ఆడమాటే కాబట్టి, పిల్ల ఆవు అయిన తర్వాత కూడా పుస్తకం ఆమెను ఏయా అనే పిలిచింది. అందుకని నువ్వు కథంతా చెరిపేసి, మొదటి నుంచి చివరి దాకా ‘ఆమె’ అని మళ్ళీ రాశావు. సిస్టరమ్మ ఒప్పుకుంది. నేనూ ఒప్పుకున్నాను. మీ పెద్దనాయిన ఇంకా ఒప్పుకోలేదు.

ఇంకో సంగతి ఆయనకు అసలే మింగుడు పడలేదు. రాజుకూ ఇస్, పసులకాపరికీ ఇస్. వాడు, అతను, ఆయన అని మెట్లు లేవు. “అయితే దొరను గూడ వాడు అంటరా?” అని అడిగాడు. “అంటరేమో అన్నా” అన్నాను. “మరి వాళ్ళ దొరలు ఊకుంటరా?” అన్నాడు. మంగ్లీ నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. ‘అతని, ఆమె, దాని’ అనే మూడింటికీ వాళ్ళకు ‘ఏయుస్’ అని ఒకటే మాటట. ‘తన’ అనడానికి మాత్రం వేరే మాట ఉంది, మనకు ఉన్నట్టే. ‘తండ్రి తన బిడ్డకు గడ్డి అందించాడు’ అనే చోట ఆ మాట తప్పు పెడితే ఇంకెవరి బిడ్డకో అందించినట్టు అవుతుందని రాశావు. ఆయనకు ఆ ఆవు ఎవరో తెలియక ముందే పుస్తకం ‘తన బిడ్డ’ అనేసింది. ఆ చోట నువ్వు కింద గీత గీశావు. చూశాను.

మాట రాని ఆ ఆవు, గిట్టతో ఇసుకలో తన పేరు రాసింది. రెండే అక్షరాల పేరు. ఆయన చదివాడు. చదివి, ఆ ఆవు మెడ పట్టుకొని వేలాడి ఏడ్చాడు. ఇక్కడికి వచ్చేసరికి మీ అమ్మ లేచి లోపలికి పోయింది. మీ పెద్దనాయిన నేల చూస్తూ, “తర్వాత ఆ పిల్ల మళ్ళ మనిషి అయిందా?” అని అడిగాడు. అయింది, గుడి కట్టి మొక్కారు అని నువ్వు రాసింది చెప్పాను. ఆయన లేచి, కట్టె తీసుకొని పోయాడు.

జాబు చివర నువ్వు రాసిన మాట కూడా చదివాను. “పోయిన ఏడు కోదాడలో నువ్వు నన్ను గుర్తుపట్టలేదని నాకు కోపం లేదు నాయినా. జుట్టు లేదు, మాట లేదు, మనిషిని సగమయ్యాను. ఆ ఏటి దేవుడంతటివాడే చేతిలో గడ్డి పెట్టి కూడా బిడ్డను గుర్తుపట్టలేదు. అందుకే ఈ కథే నీకు పంపుతున్నాను. ఇది నా గిట్ట రాత అనుకో.” బిడ్డా, ఎంత పెద్ద మనసు నీది. పోయిన ఏటి దీపావళి తర్వాత ఆ సిస్టరమ్మ నిన్ను బస్సులో కోదాడకు తెచ్చి, జనంలో నన్ను వెతికి పట్టుకొని, ఈ అమ్మాయి నీ కూతురేనా అని అడిగితే కాదన్నానే, ఆ నన్ను నువ్వు ఇట్లా ఓదారుస్తున్నావు. ఆ వరుస గురించి ఇంతకంటే రాయలేను.

వైశాఖం నుంచి ఆశ్వయుజం దాకా ఆ అయిదు నెలలు ఎక్కడ ఉన్నావో అడిగితే చెబుతాననీ, అడగకపోతే చెప్పననీ రాశావు. నేను అడగను. మీ అమ్మా అడగదు. నీకు ఎప్పుడైనా చెప్పుకోవాలని అనిపిస్తే, వింటాం. అంతే.

ఇక నువ్వు పంపిన కాగితం సంగతి. సంక్రాంతి తర్వాత గుంటూరులో నర్సు చదువుకు నిన్ను పంపుతున్నారనీ, తండ్రి ఒప్పుదల కావాలనీ, తండ్రి సంతకం పెట్టకపోతే అనాథ అన్న గడిలో రాస్తారనీ తెలిసింది. అది ఇంగ్లీషులో ఉంది కాబట్టి గురువారం నాడు సూర్యాపేటకు పోయాను. కచేరి ముందు అర్జీలు రాసే దామోదర్ అని ఒకడున్నాడు, నోటి దురుసు కానీ చెయ్యి మంచిది. కాగితం అటూ ఇటూ తిప్పి, “ఇగ ఈడ నీ పేరు. ఈడ నీ ఒప్పుదల తెలుగుల రాస్తే సాలు. ఏమని రాయాలె తాతా?” అన్నాడు.

“ఆమె నా బిడ్డ అని రాయి” అన్నాను.

కలం ఆపి నా మొఖంలోకి చూశాడు. “ఆమె ఎవరు? మీ అత్తగారా?” అన్నాడు. వరుసలో నిలబడిన వాళ్ళందరూ నవ్వారు. “కన్నబిడ్డను ఎవడన్న ఆమె అంటడా? నీ సొంతమేనా, ఎవలదన్న తెచ్చి నీ పేరు రాయించుకుంటున్నవా?”

“నా సొంతమే. ఆ దవాఖాన భాషల గట్లనే అంటరు. ఏయా అంటరు. ఏయా అంటే ఆమె” అన్నాను.

“ఏయా ఏంది? ఏ తాలూకా మాట?” అన్నాడు. మళ్ళీ నవ్వులు. నాకు సిగ్గు వేయలేదు బిడ్డా. నీ కథంతా అక్కడే నిలబడి చెప్పాను. ఆవు ఇసుకలో పేరు రాసిన చోటికి వచ్చేసరికి నవ్వేవాళ్ళు లేరు. దామోదర్ కాగితం దగ్గరికి లాక్కొని, “ఇప్పుడు చెప్పు, మెల్లగ చెప్పు” అన్నాడు. ‘ఈమె రేణుకమ్మ నా కన్నకూతురు. ఈమెను చదువుకు పంపడానికి నాకూ ఈమె తల్లికీ సమ్మతము’ అని ముత్యాల్లా రాశాడు. వేలిముద్రకు సిరా డబ్బా ముందుకు జరిపితే వద్దన్నాను. సంతకం పెట్టాను. ట కింద వత్తు సగమే పడింది. ఫరవాలేదు, నా పేరే అది.

ఇంటికి వచ్చి ఈ సంగతి చెబితే మీ అమ్మ నవ్వింది. “నా కడుపున పుట్టినదాన్ని నేను అది అనే అంట. అది తిన్నదా, అది పండుకున్నదా అని పదహారేండ్లు అడిగిన. అది ప్రేమ గాదా? నీ సిస్టరమ్మకు చెప్పు” అన్నది. నిజమే కదా అనిపించింది. ఒకే మాట ఒక నోట ఒక తీరుగా, ఇంకో నోట ఇంకో తీరుగా ఉంటుంది. ఈ సంగతి లాటిన్‌లో ఎలా రాస్తారో అడిగి తెలుసుకో.

మీ అమ్మ నీకోసం సజ్జ రొట్టెలకు పిండి విసిరించి పెట్టింది. నువ్వు గుంటూరు పోయే ముందు ఒక్క వారం ఇంటికి రా తల్లీ. ఊరు ఏమంటుందో అని ఆలోచించకు. అనేవాళ్ళు మన వాకిట్లోకి వచ్చి అనాలి కదా, అప్పుడు చూద్దాం. మంగ్లీ మంగళవారం కోడలిని చూడటానికి మళ్ళీ మిర్యాలగూడ వస్తున్నది. ఈ జాబూ, సంతకం చేసిన కాగితమూ ఆమె చేతనే పంపుతున్నాను. సిస్టరమ్మకు నా దండాలు చెప్పు. నీకు అక్షరం పెట్టిన చెయ్యి, నీకు మందు పోసిన చెయ్యి ఒకటే. ఆ చేతికి నా తరఫున మొక్కు.

నీ మంచిని తప్ప ఇంకేమీ కోరని
నీ నాయిన
గట్టయ్య

తాజా కలం:

సోమవారం, పొద్దున.

కవరు అంటించే ముందు మీ అమ్మ జాబంతా చదివి వినిపించమన్నది. చదివాను. కోదాడ సంగతి దగ్గర ఒక వరుస దాటేసి చదవబోయాను. మీ అమ్మ ఇటు తిరిగి కూర్చుని నన్ను ఒక మాట అడిగింది. “మంద నడుమ కండ్లు మూసుకొని వీపు మీద చెయ్యి పెట్టి, ఏ ఆవో పేరు చెప్పేటోనివి. నీ బిడ్డను గుర్తుపట్టలేదా?” అన్నది.

అబద్ధం ఆడటానికి నాకు ఇంక ఓపిక లేదు. మీ అమ్మకు చెప్పాను. ఇప్పుడు నీకు చెబుతున్నాను.

నేను నిన్ను గుర్తుపట్టాను రేణుకా. నువ్వు బస్సు మెట్టు దిగుతుండగానే గుర్తుపట్టాను. దిగుతూ కుచ్చెళ్ళు ఎడమచేత్తో ఎత్తి పట్టుకున్నావు, అది మా అమ్మ తీరు. జుట్టు లేకపోతే ఏమైంది, ఆ తల నా ఒళ్ళో పెరిగిన తల. నా పక్కన మీ పెద్దనాయిన ఉన్నాడు, కులపోళ్ళు ఇంకో ఇద్దరు ఉన్నారు. ఆయనా గుర్తుపట్టాడు. నా చెవిలో, “అయిదు నెలలురా గట్టయ్యా. జర సోంచాయించి, ముందెనక సూసుకొని చెప్పు” అన్నాడు. అంతకంటే ఒక్క మాట అనలేదు. వెలి వేస్తారు, మంద ఎక్కడ మేపాలి, నీళ్ళు ఎక్కడ తాపాలి అని నా బుర్ర ఒక్క క్షణంలో అంతా తిరిగి వచ్చింది. సిస్టరమ్మ అడిగింది. నేను, “అది మా పిల్ల గాదమ్మా” అన్నాను. ఆమె మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే అన్నాను. నువ్వు నా నోటి వంకే చూస్తున్నావు. పెదవులు కదిలించావు, మాట రాలేదు. ఆమె నీ భుజం మీద చెయ్యి వేసి తిప్పి తీసుకుపోయింది. బస్సు కదిలేదాకా హీరాలాల్ దుకాణం వెనక గోడకు ఆనుకొని నిలబడ్డాను. ఇంటికి వచ్చి మీ అమ్మతో, ఎవరో పిల్లను చూపిండ్రు, మనది కాదు అని చెప్పి అన్నం తిన్నాను. తిన్నాను బిడ్డా.

ఆ ఏటి దేవుడు తెలియక గడ్డి పెట్టాడు. నేను తెలిసి కాదన్నాను. నీ కథలో ఆయన ఉన్న చోట నన్ను పెట్టకు. నేను ఆ చోటికి తగను.

మంగ్లీ జాబు తెచ్చిన రోజు నుంచి నేను పడుతున్న సంతోషం అబద్ధం కాదు. పైన రాసిందంతా నిజమే. కానీ ఆ సంతోషం, నువ్వు ఇది తెలియకుండా నన్ను క్షమిస్తే వచ్చిన సంతోషం. దాన్ని అట్లాగే ఉంచుకోవాలని నాకు ఆశ పుట్టింది. ఆదివారం దాకా ఉంచుకున్నాను కూడా. మీ అమ్మ, “రాయి. నువ్వు రాయకుంటే నేను పోయి దాని ముందర కూసొని చెప్త” అన్నది.

కాగితం మీద నా సంతకం ఉంది. అందులో రాసింది నిజం. కానీ దాన్ని సిస్టరమ్మకు ఇవ్వాలో, చించెయ్యాలో నీ ఇష్టం. చించేస్తే నేను ఎవరితోనూ ఏమీ అనను. తల్లి పేరు ఒక్కటే రాయడానికి గడి ఉంటే మీ అమ్మ పేరు రాయించు, ఆమె నిన్ను ఎన్నడూ కాదనలేదు.

మీ అమ్మ గురువారం బస్సుకు మిర్యాలగూడ వస్తున్నది. పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఆమె ఒక్కతీ బస్సు ఎక్కలేదు, అయినా ఒక్కతే వస్తానంటున్నది. నేను కోదాడ దాకా వచ్చి ఎక్కిస్తాను. ఆమె తిరిగి వచ్చేదాకా అక్కడే, బస్సు ఆగే చోటే ఉంటాను. నీ జవాబు ఏదైనా ఆమెతో చెప్పి పంపు.